సగం థ్రాటిల్ కూడా దాటకముందే కుదుపు, చెక్ లైటు వచ్చిపోతోంది: టీపీఎస్ పోయినట్టేనా?

దూరపుదారి

నాది 250 సీసీ సింగిల్ సిలిండర్, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. 38 వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు వారాలుగా ఒక సమస్య నన్ను వదలడం లేదు. నాలుగో గేరులో గంటకు 45, 50 కిలోమీటర్ల మధ్య నిలకడగా పోతుంటే, ఎవరో వెనక నుంచి బండిని పట్టి లాగి వదిలినట్టు ఒక్క కుదుపు. నేను చెయ్యి కదపలేదు, రోడ్డు సాఫీగా ఉంది. థ్రాటిల్ ఇంకొంచెం తిప్పితే ఏ ఇబ్బందీ లేదు, 80 దాటాక హాయిగా పోతుంది. మళ్లీ 45 దగ్గరికి దిగితే మళ్లీ అదే కుదుపు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తక్కువ, అరగంట నడిచాక ఎక్కువ.

ఇంకొకటి. ఎక్కడైనా ఆగినప్పుడు ఐడిలింగ్, అంటే థ్రాటిల్ వదిలినప్పటి ఇంజిన్ వేగం, నిమిషానికి 1400 చుట్ల నుంచి ఒక్కోసారి 2000 వరకు లేచి, కాసేపటికి దానంతట అదే దిగుతోంది. పసుపుపచ్చ చెక్ లైటు ఇప్పటికి నాలుగుసార్లు వెలిగింది. తాళం తీసి మళ్లీ వేస్తే ఆరిపోతోంది.

వర్క్‌షాపులో స్కానర్ పెట్టి చూసి పీ0122 అనే లోపం కోడ్ ఉందని చెప్పారు. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ (టీపీఎస్) పోయిందని, ఈ బండికి అది విడిగా రాదని, థ్రాటిల్ బాడీ, అంటే ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం, మొత్తం మార్చాలని అన్నారు. అంత ఖర్చు పెట్టే ముందు నిజంగా తప్పు దానిదేనా అని నేనే తేల్చుకోవాలనుకుంటున్నాను. నా దగ్గర డిజిటల్ మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

రెండుచక్రాలు

నా బండికి సరిగ్గా ఇదే జరిగింది. థ్రాటిల్ బాడీ లోపల నల్లటి మసి గట్టిగా పేరుకుపోయింది. విప్పి శుభ్రం చేయించి, స్పార్క్ ప్లగ్గు కొత్తది వేయించాక మళ్లీ ఎప్పుడూ రాలేదు. ముందు అది చేయించండి. సెన్సర్ల జోలికి తర్వాత వెళ్లవచ్చు.

పాతకార్బురేటర్

మీటరు తీయడానికి ముందు పది నిమిషాల పని ఉంది. చైను ఎంత వదులుగా ఉందో చూడండి. తక్కువ వేగంలో నిలకడగా పోతున్నప్పుడు వచ్చే కుదుపుకు వదులు చైను పెద్ద కారణం. థ్రాటిల్ కేబుల్‌కు పిడి దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఆట (వదులు) ఉండాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పినా ఇంజిన్ వేగం మారకూడదు. ఇంజిన్‌కూ థ్రాటిల్ బాడీకీ మధ్య ఉండే రబ్బరును వేళ్లతో వంచి చూడండి, పగుళ్లు ఉంటే అక్కడి నుంచి గాలి దొంగతనంగా లోపలికి పోతుంది. ఐడిలింగ్ లేవడానికి అది ఒక్కటే చాలు.

ముల్లుమీటరు

దూరపుదారి గారూ, మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. చైను, కేబుల్, రబ్బరు చూడమన్న మాట నూటికి నూరుపాళ్లు సరైనది, అవి ముందే చూసుకోండి. మసి సంగతి వేరు. రెండుచక్రాలు గారి బండిలో అది నిజమై ఉండవచ్చు. కానీ మసి వల్ల పీ0122 రాదు.

ఆ కోడ్‌ను చాలామంది ‘సెన్సర్ పోయింది’ అని చదువుతారు. అది చెప్పేది అది కాదు. సెన్సర్ నుంచి ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరుకు) రావలసిన వోల్టేజి ఉండవలసిన దానికన్నా కిందికి పడిపోయింది అని మాత్రమే చెబుతోంది. ఎందుకు పడిందో ఈసీయూకు తెలియదు.

సెన్సర్‌కు మూడు వైర్లు ఉంటాయి. ఒకదాని మీద ఈసీయూ 5 వోల్టులు పంపుతుంది. ఒకటి ఎర్త్. మూడోది సిగ్నల్, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పేది. లోపల గుర్రపునాడా ఆకారంలో కార్బన్ పూత ఉంటుంది, దాని మీద ఒక సన్నని లోహపు వేలు పాకుతూ ఉంటుంది. మూసి ఉన్నప్పుడు సుమారు అర వోల్టు, పూర్తిగా తిప్పితే 4 వోల్టుల పైన. పాత రేడియోలో వాల్యూమ్ బిరడా ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే.

ఇప్పుడు ఆలోచించండి. 5 వోల్టుల వైరు తెగితే సిగ్నల్ సున్నాకు పడుతుంది. సిగ్నల్ వైరు తెగినా, ఎక్కడో చట్రానికి తగిలి ఎర్త్ అయినా చాలా ఈసీయూలకు సున్నానే కనిపిస్తుంది. కార్బన్ పూత అరిగి వేలు గాలిలో నిలిచినా అంతే. కానీ ఎర్త్ వైరు తెగితే మాత్రం వోల్టేజి పైకి లేచి 5 దగ్గర కూర్చుంటుంది, అప్పుడు వచ్చేది పీ0123. మీకు ప్రతిసారీ 0122 వస్తున్నదంటే ఎర్త్ మీద అనుమానం దాదాపు తీసేయవచ్చు. మిగిలినవి మూడు: 5 వోల్టుల వైరు, సిగ్నల్ వైరు, కార్బన్ పూత.

వాటిలో నా అనుమానం పూత మీద, ఎందుకంటే మీ కుదుపు ఒకే చోట వస్తోంది. రోజూ నడిపే బండిలో థ్రాటిల్ ఎక్కువ కాలం ఉండేది తొలి పావు భాగంలోనే. వేలు అక్కడక్కడే లక్షలసార్లు అటూ ఇటూ పాకుతుంది, ఇంజిన్ అదురుకు అక్కడే వణుకుతుంది. పూత అరిగేది అక్కడే. ఇంకొంచెం తిప్పితే వేలు అరగని భాగం మీదికి పోతుంది, బండి మళ్లీ బాగవుతుంది. వైరు తెగి ఉంటే కుదుపు గతుకుల్లోనో మలుపుల్లోనో ఎక్కడపడితే అక్కడ రావాలి.

కొలవవలసింది ఇలా. తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్, హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే ఎర్ర స్విచ్ రన్‌లో. కనెక్టర్ పీకవద్దు. దాని వెనక వైపు నుంచి, వైరు లోపలికి పోయే చోట, సన్నని గుండుసూదిని వైరు పక్కన జారనివ్వండి, లోపల లోహానికి తగులుతుంది. వైరు తొడుగును గుచ్చవద్దు, ఆ కన్నంలోంచి నీరు పోయి ఏడాదికి రాగి పచ్చబడుతుంది. 5 వోల్టుల వైరు మీద 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.1 వోల్టు కన్నా తక్కువ ఉండాలి. ఆ తర్వాత సిగ్నల్. మూసి ఉన్నప్పుడు ఎంత, పూర్తిగా తిప్పితే ఎంత, రాసుకోండి. మధ్యలో చాలా నిదానంగా తిప్పండి, మొత్తం తిప్పడానికి కనీసం పది సెకన్లు పట్టాలి. ఏ వైరు ఏదో, మీ మోడల్‌కు ఎంత రావాలో సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది.

దూరపుదారి

ముల్లుమీటరు గారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. చైను మాన్యువల్ చెప్పినంతే ఉంది. కేబుల్ ఆట 3 మిల్లీమీటర్లు. రబ్బరు మెత్తగా ఉంది, పగుళ్లు లేవు.

కొలతలు: సరఫరా 5.02, ఎర్త్ 0.02, సిగ్నల్ మూసి ఉన్నప్పుడు 0.62, పూర్తిగా తిప్పితే 4.31. మధ్యలో అంకెలు ఒకదాని వెంట ఒకటి వరుసగా పెరిగాయి. ఎనిమిదిసార్లు తిప్పాను, ఎక్కడా దూకలేదు. అంటే సెన్సర్ మంచిదేనా? మళ్లీ మొదటికి వచ్చినట్టయింది.

రెండుచక్రాలు

కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి కదా. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించమనే నా మాట.

ముల్లుమీటరు

తొందరపడవద్దు. మామూలు డిజిటల్ మీటరు సెకనుకు రెండు మూడుసార్లే కొత్త అంకె చూపిస్తుంది. సెకనులో యాభయ్యో వంతు పాటు వోల్టేజి పడి లేస్తే దాని అంకెల్లో అది కనబడదు. ఈసీయూకు మాత్రం కనబడుతుంది. అందుకే ఇలాంటి పనికి నేను ఇప్పటికీ పాత ముల్లు ఉన్న మీటరే వాడతాను, నా పేరు అలా వచ్చిందే. ముల్లు అంకె సరిగ్గా చెప్పకపోయినా ఉలిక్కిపడితే కంటికి కనిపిస్తుంది. వోల్టేజి మార్పును గీతగా చూపించే ఆసిలోస్కోప్ ఉంటే మరీ మంచిది. అది లేకపోతే, కనిష్ఠ, గరిష్ఠ విలువలను వేగంగా పట్టి ఉంచే డిజిటల్ మీటరు కూడా పనికొస్తుంది.

ఇంకొకటి, మీరు కొలిచింది చల్లటి బండి మీద అనుకుంటాను. కుదుపు వేడెక్కాక వస్తుందని మీరే రాశారు. రోగం వచ్చినప్పుడే నాడి చూడాలి. అరగంట నడిపి, వెంటనే కొలవండి. కుదరకపోతే జుట్టు ఆరబెట్టే యంత్రంతో సెన్సర్‌కు దూరం నుంచి వేడి పట్టించండి.

షెడ్డులో_నేను

నేను వైరింగ్ పక్షాన మాట్లాడతాను, ఎందుకంటే ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. ఇదే కోడ్‌కు రెండు సెన్సర్లు మార్చాను. రెండోది వేసిన మర్నాడే మళ్లీ లైటు. చివరికి హ్యాండిల్ కింద, చట్రం మెడ దగ్గర వైర్ల కట్టలో ఒక వైరు లోపలే తెగి ఉంది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి పోగులు తెగి ఒకదానికొకటి ముట్టుకుంటూ విడిపోతూ ఉన్నాయి. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ అక్కడ కట్ట వంగుతుంది, ఏళ్ల తరబడి.

కాబట్టి ముల్లు పడినా సెన్సరే అని వెంటనే అనుకోవద్దు. ముల్లు పడే సమయంలో 5 వోల్టుల వైరు మీద రెండో మీటరు పెట్టి చూడండి. అదీ పడితే తప్పు సరఫరాది. సరఫరా కదలకుండా ఉండి సెన్సర్ దగ్గరే సిగ్నల్ పడితే తప్పు సెన్సర్‌ది, లేదా సిగ్నల్ వైరు ఎక్కడో చట్రానికి తగులుతోంది. సెన్సర్ దగ్గర బాగుండి ఈసీయూ కనెక్టర్ దగ్గర మాత్రమే పడితే మధ్య వైరుది. ఈ మూడు కొలతలు చేతిలో ఉంటే ఎవరి మాటా నమ్మనక్కర లేదు. వైరు తగులుతోందో లేదో తేల్చడానికి, థ్రాటిల్ తాకకుండా ఒకరు వైర్ల కట్టను మొదటి నుంచి చివరి వరకు నొక్కుతూ, కదుపుతూ పోవాలి, ఇంకొకరు ముల్లు మీద కన్ను తీయకూడదు.

కనెక్టర్ విప్పినప్పుడు లోపల పచ్చటి పొడి ఉందేమో కూడా చూడండి. నీళ్ల పైపు గట్టిగా పెట్టి కడిగిన బండ్లలో అది తరచుగా కనిపిస్తుంది.

కొత్తరైడర్

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. సెన్సర్ ఒక్క క్షణం తప్పు చెబితే ఇంజిన్ అంత గట్టిగా ఎందుకు కుదుపుతుంది? గాలి పీడనం కొలిచే సెన్సర్ కూడా ఉంటుంది కదా?

ముల్లుమీటరు

మంచి ప్రశ్న. ఉంటుంది. కానీ చాలా మోటారుసైకిళ్లలో ఇంజిన్ భారం పెరిగేకొద్దీ ఈసీయూ ప్రధానంగా థ్రాటిల్ కోణం, ఇంజిన్ వేగం ఈ రెండింటిని బట్టే పెట్రోలు లెక్క కడుతుంది. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో థ్రాటిల్ ఉన్నప్పుడు ఇన్‌టేక్‌లో పీడనం విపరీతంగా ఎగిరిపడుతుంది, దాని మీద ఆధారపడటం కష్టం. అందుకే కారులో కన్నా బండిలో ఈ సెన్సర్ మాటకు విలువ ఎక్కువ. సిగ్నల్ టక్కున కిందికి పడితే రైడర్ థ్రాటిల్ మూసేశాడని ఈసీయూ అనుకుంటుంది. పెట్రోలు తగ్గిస్తుంది, కొన్నిసార్లు పూర్తిగా ఆపేస్తుంది. మరుక్షణం సిగ్నల్ లేస్తుంది, థ్రాటిల్ ఒక్కసారిగా తెరిచాడనుకుని అదనంగా పోస్తుంది. రైడర్‌కు తెలిసే లాగుడు, తోపుడు ఇవే.

దూరపుదారి గారి ఐడిలింగ్ సంగతి కూడా ఇక్కడే తెలుస్తుందని నా ఊహ. కొన్ని ఈసీయూలు తాము చూసిన అతి తక్కువ వోల్టేజిని ‘థ్రాటిల్ మూసి ఉంది’ అన్నదానికి గుర్తుగా పెట్టుకుంటాయి. తప్పుడు పతనం ఒకటి వచ్చి ఆ గుర్తు కిందికి జారితే, తర్వాత నిజంగా మూసినా కొంచెం తెరిచి ఉన్నట్టే దానికి కనిపిస్తుంది.

కార్బురేటర్ బండ్లలో కూడా కొన్నిటికి ఈ సెన్సర్ ఉంటుంది, కానీ అక్కడ అది ఇగ్నిషన్ టైమింగ్‌కు మాత్రమే. పోయినా ఇంత గొడవ ఉండదు.

దూరపుదారి

దొరికింది! వివరంగా రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

స్నేహితుడి దగ్గర ముల్లు మీటరు దొరికింది. నలభై నిమిషాలు నడిపి, కుదుపు మూడుసార్లు వచ్చాక ఇంటికి తెచ్చాను. ట్యాంకు ఎత్తి కర్ర ముక్క మీద ఆనించాను. ఇంజిన్ నుంచి సెగ ముఖానికి తగులుతోంది. గుండుసూది సిగ్నల్ వైరు వెనక జార్చి, పిడి తిప్పకుండా థ్రాటిల్ బాడీ పక్కన ఉండే కప్పీని బొటనవేలితోనే తిప్పాను, అలాగైతేనే అంత నిదానంగా తిరుగుతుంది. 0.7 దాటింది, 0.8 దాటింది, ముల్లు నిమ్మళంగా లేస్తోంది. 1 వోల్టు దగ్గరికి వస్తూనే బల్లి తోక విదిల్చినట్టు ముల్లు ఒక్కసారి ఎడమకు కొట్టి మళ్లీ లేచింది. నా కళ్లనే నమ్మలేక వెనక్కి తిప్పాను. దిగేటప్పుడూ అదే చోట.

ఇరవైసార్లు తిప్పితే పదకొండుసార్లు పడింది, ప్రతిసారీ 0.9, 1.1 మధ్యలోనే. అంతకు మించి ఎక్కడా లేదు. పొద్దున చల్లటి బండి మీద ఇరవైకి రెండుసార్లే.

షెడ్డులో_నేను గారు చెప్పినట్టు డిజిటల్ మీటరును సరఫరా మీద పెట్టాను, ఆ తర్వాత ముల్లు మీటరును కూడా దాని మీదే పెట్టి చూశాను, కదలలేదు. ఈసీయూ దగ్గర సిగ్నల్ కొలిస్తే అక్కడా అదే చోట పడుతోంది. మా తమ్ముడు ఐదు నిమిషాలు వైర్ల కట్టను పిసికాడు, హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పాడు. ముల్లు చలించలేదు. కనెక్టర్ లోపల శుభ్రంగా మెరుస్తోంది.

షెడ్డులో_నేను

ఇంక వైరింగ్ మీద నాకు అనుమానం లేదు. సెన్సరే. మార్చేదాకా ఈ బండిని వాహనాల రద్దీలోకి తీసుకెళ్లవద్దు. మలుపు మధ్యలో వంగి ఉన్నప్పుడు ఆ కుదుపు వస్తే వెనక టైరు జారవచ్చు.

కొత్తరైడర్

కాంటాక్ట్ క్లీనర్ కొడితే సరిపోదా? చాలామంది అలా చేస్తున్నారని చదివాను.

ముల్లుమీటరు

అరిగిపోయిన కార్బన్ తిరిగి మొలవదు. కొట్టినప్పుడు పొడి కొంత పక్కకు పోయి వారం పది రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదలు. లోపల వేలు సాఫీగా పాకడానికి పూసిన సన్నని గ్రీజు కూడా కొట్టుకుపోతుంది కాబట్టి అరుగుదల ఇంకా పెరుగుతుంది. కార్బురేటర్ క్లీనర్ అయితే అసలు దగ్గరికే రానివ్వకూడదు, రబ్బరు సీలును, పూతను కూడా తినేస్తుంది.

ఇదంతా పూత ఉన్న సెన్సర్ల సంగతి. కొన్ని బండ్లలో అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లు ఉంటాయి. వాటిలో ఏదీ దేనినీ తాకదు, అరగదు. వాటి మీద ఓమ్స్ కొలత పెట్టవద్దు, వచ్చే అంకెకు అర్థం లేదు. వోల్టేజి మాత్రమే చూడాలి.

దూరపుదారి గారూ, ఇప్పుడు మీ థ్రాటిల్ బాడీ పక్కన జాగ్రత్తగా చూడండి. సెన్సర్ రెండు స్క్రూలతో బిగించి ఉందా, లేక బాడీలోనే పోత పోసి ఉందా? స్క్రూలు ఉంటే వాటి తల చాలాసార్లు మధ్యలో చిన్న పుల్ల లేచి ఉన్న నక్షత్రం ఆకారంలో ఉంటుంది, అలాంటిదానికి మధ్యలో కన్నం ఉన్న ప్రత్యేక బిట్టు కావాలి. బండి కంపెనీ విడిగా అమ్మకపోయినా సెన్సర్ ఒంటి మీద దాన్ని తయారుచేసినవారి నంబరు ముద్రించి ఉంటుంది, దాంతో వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. కొనేముందు ఇరుసు పట్టే గాడి ఆకారం, తిరిగే దిశ, రెండు చివరల మధ్య నిరోధం పాతదానితో సరిపోల్చండి. ఈ రకం సెన్సర్లలో అది సాధారణంగా 5 కిలో ఓమ్‌లకు అటూ ఇటూ ఉంటుంది.

విప్పే ముందు సెన్సర్ మీదా బాడీ మీదా కలిసేలా సన్నని గీత గీయండి. కొత్తది వేశాక స్క్రూలు వదులుగా ఉంచి, మూసినప్పుడు మాన్యువల్ చెప్పిన వోల్టేజి వచ్చేదాకా సెన్సర్‌ను తిప్పి అప్పుడు బిగించండి. బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులోనే ఒకటి రెండు వందో వంతులు జరుగుతుంది. గాలి దారిని మూసే బటర్‌ఫ్లై రేకు ఆగే చోట రంగు పూసిన చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. దాన్ని కదిపినవాళ్లు ఐడిలింగ్ సరిచేయలేక నెలలు తంటాలు పడటం చూశాను.

పాతకార్బురేటర్

ఒక హెచ్చరిక జోడిస్తాను. కేబుల్ లేకుండా మోటారుతో థ్రాటిల్ తెరుచుకునే బండ్లకు ఈ పద్ధతి వర్తించదు. వాటిలో రెండు సిగ్నళ్లు ఉంటాయి, ఈసీయూ ఒకదానితో ఒకటి పోల్చి చూస్తుంది, తేడా వస్తే బలం తగ్గించేస్తుంది. అక్కడ సెన్సర్‌ను చేత్తో సర్దడం ప్రమాదం.

దూరపుదారి

రెండు స్క్రూలతోనే బిగించి ఉంది. విడిగా రాదన్నమాట నిజం కాదు. నంబరుతో వెతికితే వారంలో వచ్చింది. మొత్తం థ్రాటిల్ బాడీతో పోలిస్తే అది లెక్కలోకి రానంత ఖర్చు.

మాన్యువల్‌లో 0.60 నుంచి 0.64 అని ఉంది, 0.62 దగ్గర బిగించాను. మాన్యువల్ చెప్పిన పద్ధతిలోనే ఈసీయూకు మూసిన స్థానం కొత్తగా నేర్పించాను. వేడి బండి మీద ముప్పైసార్లు తిప్పినా ముల్లు ఎక్కడా వణకలేదు. తర్వాత 600 కిలోమీటర్లు నడిపాను. 45లో గంటసేపు పోయినా కుదుపు లేదు. ఐడిలింగ్ 1400 దగ్గర నిలిచింది.

పాత సెన్సర్‌ను కోసి చూశాను. నల్లటి పూత అంతా నున్నగా ఉంది, ఒక్క మొదటి భాగంలో నాలుగు మిల్లీమీటర్ల మేర మాత్రం కింద తెల్లటి పలక కనిపిస్తోంది. దాని అంచున వేలిగోరుతో గీస్తే నల్లటి పొడి రాలింది. ఆ నాలుగు మిల్లీమీటర్లే నన్ను నెలరోజులు ఏడిపించాయి.

రెండుచక్రాలు

నేను చెప్పింది మీ బండికి సరిపోలేదు, చివరిదాకా కొలిచి చూసినందుకు అభినందనలు. ముల్లు మీటరు ఒకటి నేనూ తెచ్చుకుంటున్నాను.

కొత్తరైడర్

ఈ చర్చ చదివి నా బండి మీద కూడా కొలిచాను. నాకు స్కానర్ లేదు, నా బండిలో చెక్ లైటు మెరుపులతోనే కోడ్ చెబుతుంది. థ్రాటిల్ ఎంత తిప్పినా ముల్లు సాఫీగా లేస్తోంది. కానీ హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పితే సున్నాకు పడిపోతోంది. నేరుగా పెడితే మళ్లీ లేస్తోంది.

షెడ్డులో_నేను

మెరుపులు లెక్కపెట్టి చూడండి. హోండాలో 8 మెరుపులు ఈ సెన్సర్ సర్క్యూట్‌కు గుర్తు, సుజుకిలో సీ14, యమహాలో 15 లేదా 16. అయినా కోడ్ కన్నా మీ హ్యాండిలే స్పష్టంగా చెబుతోంది. సెన్సర్ కొనవద్దు. హ్యాండిల్ ఎడమకు తిప్పి ఉంచి 5 వోల్టుల వైరు కొలవండి, అది ఎలా ఉందో చెప్పండి.

కొత్తరైడర్

అదీ సున్నాకు పడుతోంది. హెడ్‌లైట్ వెనక ప్లాస్టిక్ పట్టీతో వైర్ల కట్టను చట్రానికి మరీ బిగుతుగా కట్టి ఉంది. పట్టీ కోసి వైరును కొంచెం లాగితే ఒకచోట రబ్బరులా సాగింది. లోపల రాగి లేదు.

షెడ్డులో_నేను

అదే. రెండు వైపులా మంచి రాగి కనిపించేదాకా కోసి, మధ్యలో అదే మందం ఉన్న మెత్తటి వైరు ముక్క కలపండి. టంకం వేసిన చోటు గట్టిపడుతుంది, అది వంపులో పడితే మళ్లీ దాని పక్కనే తెగుతుంది. కాబట్టి అతుకులు రెండూ వంపుకు దూరంగా, చట్రం మీద కదలని చోట ఉండేలా ముక్క పొడవు తీసుకోండి. పట్టీ మళ్లీ కట్టే ముందు హ్యాండిల్ రెండు చివరలకూ తిప్పి, కట్ట ఎక్కడా బిగుసుకోవడం లేదని చూసుకోండి.